చెంబు సాహెబ్

మొన్న మా షోలాపూర్‌లో కుంఠా నాకా దగ్గర చాయ్ హోటల్లో బొంబాయి నుంచి వచ్చిన పాత సహోద్యోగి ఒకడు కలిశాడు. యుద్ధం పేరు చెప్పి హోటలువాడు చాయ్‌లో బెల్లం వేస్తున్నాడని కాసేపు తిట్టుకున్నాం. తర్వాత గుర్తొచ్చినట్టు, "అరే, మీ చెంబు సాహెబ్ పోయిండు, ఎరికేనా?" అన్నాడు.

"ఎవలు చెప్పిన్రు?" అన్నాను.

"ఎవలు చెప్పుడేంది, పోయిండు."

"చూసినోడు చెప్పిండా, ఇన్నోడు చెప్పిండా?"

అతను గ్లాసు కింద పెట్టి నన్ను ఎగాదిగా చూశాడు. "పాడె మోసినోణ్ణి నేనే. సరిపాయెనా? మనిషి సచ్చిండంటే అయ్యో అనాలె గని, పోలీసోని తీర్గ ఈ సవాళ్లేందయ్యా?"

అప్పుడు సిగ్గేసింది. ఆ ప్రశ్నలు నావి కావు, ఆ పోయినాయనవే. ఆయన వెంట తిరిగిన కొన్ని నెలల్లో నాకు అంటుకున్నాయి, ఇంతకాలమైనా వదల్లేదు. ఆయన ఒంటరిగా ఒక గదిలో ఉండేవాడట. ఆఖరి రోజుల్లో ఆస్పత్రిలో కూడా సొంత చెంబుతోనే నీళ్లు తాగాడట. ఆ మాట విన్నాక మాత్రం నమ్మాను. అది ఆయనే.

ఇంటికొచ్చి చెప్తే నా భార్య పొయ్యి దగ్గర నుంచే అడిగింది. "మనోళ్లా? తానం చెయ్యాల్నా?"

"మనోళ్లు కాదు, ఆఫీసు మనిషి," అన్నాను.

"అయితె కాళ్లు కడుక్కొని రా, అన్నం పెడ్త."

కాళ్లు కడుక్కుని కూర్చున్నాను గాని, ధ్యాసంతా ఆయన మీదే. నేను ఒక పట్టాన ఎవరినీ నమ్మే మనిషిని కాను. నాకంటే అనుమానం మనిషిని ఈ జన్మలో ఒక్కణ్ణే చూశాను. ఆయన గురించి ఎవరో ఒకరు నాలుగు ముక్కలు రాసిపెట్టాలి. రాసేవాళ్లు నేను తప్ప ఇంకెవరూ ఉన్నట్టు లేరు.

అప్పటికి యుద్ధం ఇంకా రాలేదు. నేను ఒక పెద్ద బీమా కంపెనీ షోలాపూర్ బ్రాంచిలో గుమాస్తాను. జోడ్‌భావి పేటలో మా తెలుగువాళ్ల ఇళ్లల్లో మా కంపెనీ పాలసీలు చాలానే ఉండేవి. నేతపని చేసేవాడికి దగ్గు మొదలైతే ఏమవుతుందో అందరికీ తెలుసు కనక, ఏజెంట్లు పెద్దగా కష్టపడకుండానే కట్టించేవాళ్లు. కట్టేటప్పుడు అంతా బాగానే ఉండేది. మనిషి పోయి, పెళ్లాం పిల్లలు వచ్చి అడిగినప్పుడే మా పెద్ద గుమాస్తాకు అనుమానం వచ్చేది. "వయసు తప్పు రాసినట్టుంది," అనేవాడు. పుట్టిన తేదీ కాగితం మా పేటలో ఎవరి దగ్గరుంటుంది? విధవరాలు నెలల తరబడి తిరిగేది. ఆఖరికి ఏజెంటు చాటుగా పిలిచి, పెద్ద గుమాస్తా ఇంట్లో ఆడవాళ్లకు పట్టంచు చీరలంటే ఇష్టమని చెవిన వేసేవాడు. ఒక చీర వెళ్లేసరికి చచ్చినవాడి వయసు సరిపోయేది.

ఈ సంగతి ఆకాశరామన్న ఉత్తరంగా బొంబాయి చేరిందో, ఇంకెలా చేరిందో నాకు తెలియదు. హెడ్డాఫీసు వాళ్లు తనిఖీకి ఒక మనిషిని పంపారు.

సన్నగా, పొడుగ్గా, ముదురు రంగు కోటు, నల్ల టోపీ. కుడిచేతిలో సంచి, ఎడమచేతిలో మూత ఉన్న ఇత్తడి చెంబు. ఆ చెంబులో నీళ్లు తప్ప ఎవరిచ్చినవీ తాగేవాడు కాదు. ఆఫీసు కుండలో నీళ్లు కూడా ముట్టలేదు. చాయ్ తాగాలనిపిస్తే ఒక్కడే హోటల్‌కు వెళ్లి, ముందు డబ్బులు బల్ల మీద పెట్టి, తర్వాత చాయ్ తెమ్మనేవాడు. వక్కపలుకు ఇస్తే అరచెయ్యి అడ్డం పెట్టేవాడు. ఇలాంటివాణ్ణి చూస్తే ఎవరికైనా ఏమనిపిస్తుంది? వీడు చిన్నవాటికి లొంగే రకం కాదు, పెద్దదానికే కాచుకున్నాడు అనిపిస్తుంది. మాకందరికీ అదే అనిపించింది.

ఆయనకు ఇంకో అలవాటు ఉండేది. ఎవరి ఒంటిమీద ఏది కనబడినా, కొత్తదా అని అడిగేవాడు. చెప్పులు కొత్తవా? గడియారం గొలుసు కొత్తదా? ఎక్కడ కొన్నావు? ఎవరిచ్చారు? ఆయన వచ్చిన వారానికే ఉగాది. బట్టలు నేసే ఊళ్లో ఉండి కూడా ఆ ఉగాదికి మా ఆఫీసులో ఒక్కడూ కొత్త బట్ట కట్టలేదు. పెద్ద గుమాస్తా అయితే ఒక అడుగు ముందుకేసి, మా బంట్రోతు చిరుగుల కోటు అడిగి తొడుక్కొచ్చాడు. సాహెబ్ ఆ కోటును పైనుంచి కిందిదాకా చూసి, మరాఠీలో ఎంతో మర్యాదగా, "ఈ కోటు కొత్తదా? నిన్నటిదాకా మీ ఒంటిమీద చూడలేదే," అన్నాడు. కోటు లేని బంట్రోతు తలుపు వెనక నవ్వలేక చచ్చాడు.

ఆయనకు తెలుగు రాదని అందరం అనుకున్నాం. అందుకే పేటలో తిప్పడానికీ, తెలుగువాళ్ల మాటలు మరాఠీలో చెప్పడానికీ నన్ను వెంట ఇచ్చారు. మొదటిరోజే మా సందులో ఒకామె అరుగు మీద కూర్చుని కండెలు చుట్టుకుంటూ పక్కామెతో, "ఈడెవడే, పొద్దుగాల్నే చెంబు వట్టుకొని గల్లీ గల్లీ తిరుగుతున్నడు? దొడ్డికి పోను జాగ దొరుకుతలేదా?" అన్నది. ఇద్దరూ కొంగులు నోట్లో కుక్కుకుని నవ్వారు. సాహెబ్ నావైపు తిరిగి, ఏమంటున్నారని మరాఠీలో అడిగాడు.

"తమరు మా పేటకు రావడం మా అదృష్టమంటున్నారు సాహెబ్," అన్నాను.

ఆయన గంభీరంగా తల ఊపాడు. సాయంత్రానికల్లా పేటంతా ఆయనకు చెంబు సాహెబ్ అని పేరు పడింది.

కొన్ని వారాలు గడిచాయి. ఒకరోజు ఆఫీసులో పెద్ద గుమాస్తా ఏజెంటుతో, సాహెబ్ ఎదురుగానే, తెలుగులో, "ఈ కొంగ ఎప్పుడు ఎగిరిపోతదో ఏమో," అన్నాడు. సాహెబ్ కాగితాల నుంచి తలెత్తకుండా, "ఇప్పట్ల పోదు గుమాస్తా సాహెబ్. దొడ్డికి పోను జాగ సుత దొరికింది దానికి," అన్నాడు. అచ్చం మా పేట తెలుగు. ఏజెంటు చేతిలోంచి గొడుగు జారిపడింది. సాహెబ్ అప్పుడు నావైపు చూసి, "నువ్వు తర్జుమా మంచిగ చేస్తవ్ రా. అదృష్టమంటున్రు, గదా?" అన్నాడు. నా ముఖం ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. సాహెబ్ తాతలు కూడా తెలంగాణ నుంచి బొంబాయికి కూలికి వెళ్లినవాళ్లేనని ఆ రోజే తెలిసింది. అన్ని వారాలు ఆ మనిషి మా మాటలన్నీ విని నోరు మూసుకున్నాడంటే నాకు భయమూ వేసింది, ఒళ్లూ మండింది.

తెలుగు బయటపడ్డాక కూడా ఆయన ఎవరినీ వరస పెట్టి పిలవలేదు. మా వాళ్లు కొత్తవాణ్ణి చూసినా అన్నా, తమ్ముడా, బావా అనకుండా ఉండలేరు. ఎవరైనా ఆయనను "అన్నా" అంటే, "సాహెబ్ అను," అని అక్కడికక్కడే దిద్దేవాడు. ఆడవాళ్లను అమ్మా అనడు, అక్కా అనడు, మరాఠీ వాళ్ల లాగా "బాయి" అంటాడు. పొగరని అందరం తీర్మానించుకున్నాం. ఒకసారి ఉండబట్టలేక అడిగేశాను.

"అన్నా అంటే తప్పేంది సాహెబ్?"

"పహిలే వరస కడ్తరు. వెనుక పని చెప్తరు," అన్నాడు. "అన్నా అనిపిచ్చుకున్నంక కాదనుడెట్ల?"

"అందరు గట్లనే ఉంటరా?"

"ఉండరేమో. నమ్ముడు నా నౌక్రీల లేదు."

ఆ చివరి మాట ఆయన నోట ఎన్నిసార్లు విన్నానో. జ్వరమని బంట్రోతు సెలవడిగినా అదే మాట, వాన వస్తుందని నేనన్నా అదే మాట.

ప్రతి ఇంటి ముందూ నిలబడి ఆయన అడిగేది ఒక్కటే. "కంపెనీ పని కోసమని ఎవలికన్న ఏమన్న ఇచ్చిన్రా?" లోపలి నుంచి వచ్చే జవాబూ ఒక్కటే. "ఏమియ్యలే సాహెబ్." ఆయన సందు మలుపులో ఆగి, చెంబు మూత తీసి ఒక గుక్క తాగి, "ఇంటికో గొంతుంటది. జవాబు మాత్రం అందరిది ఒక్క తీరే ఉన్నది. ఎవలు నేర్పిచ్చిన్రు?" అనేవాడు. ఎవరూ నేర్పలేదు. ఇచ్చామంటే పని ఆగిపోతుందని భయం. పైగా, ఇంతకుముందు ఎంతిచ్చారో కనుక్కుని తన రేటు దానిమీద పెంచుకోవడానికే ఈయన తిరుగుతున్నాడని పేటలో అందరి నమ్మకం. మా అత్తకైతే అందులో రవ్వంత సందేహం కూడా లేదు.

అత్త అంటే మా నాన్న చెల్లెలు, నర్సవ్వ అత్త. ఆ ఎండాకాలంలోనే మామ దగ్గి దగ్గి పోయాడు. ఆయన పాలసీ మా బ్రాంచిలోనే ఉంది. పిల్లలు లేరు. మిగిలింది ఒక గుంట మగ్గం, దాని మీద మామ సగం నేసి వదిలిన ఒక పట్టంచు చీర. నూలిచ్చిన సావుకారు అప్పటికే రెండుసార్లు వచ్చి మగ్గం చుట్టూ తిరిగి చూసి వెళ్లాడు. కంపెనీ డబ్బు వస్తే మగ్గం నిలుస్తుంది, రాకపోతే సావుకారి ఇంటికి పోతుంది. "మగ్గం పోతే నేను మిల్లుల నౌక్రీకి పోవాలె అల్లుడా. భోంగా కూస్తే లేసుడు, భోంగా కూస్తే వచ్చుడు. మీ మామ నన్ను గట్ల బతుకనియ్యలే," అనేది. ఆ భోంగా, మిల్లు సైరన్, వినబడినప్పుడల్లా ఆమె ముఖం చిట్లించేది.

మామ వయసు కూడా తప్పయింది. పెద్ద గుమాస్తా నన్ను పక్కకు పిలిచి, నవ్వుతూ, "మీ అత్తే గదా, మనింటి మనిషే. మగ్గం మీదున్న చీర చాలు. పున్నమి తెల్లారి నా బిడ్డను చూసుకోను వస్తున్రు, ఆనాటికి ముట్టాలె," అన్నాడు. అత్తకు ఇవ్వొద్దని నేను చెప్పాను, ఒకటికి నాలుగుసార్లు చెప్పాను. "నీ నౌక్రీ సుత పోవాల్నా? నువ్వు గమ్మునుండు," అని నన్నే కసిరింది. మామ పక్కన కూర్చుని నేర్చుకున్న పని కనక తానే గుంటలోకి దిగి ఆ చీర అందుకుంది. మా పేటలో ఆడవాళ్లు మగ్గం మీద కూర్చోవడం తక్కువే.

మరి తనిఖీ సాహెబ్‌కు ఎందుకు చెప్పలేదంటారా? చెప్పబోయాను. అదే సాయంత్రం చాయ్ హోటల్లో సాహెబూ పెద్ద గుమాస్తా ఒకే బల్ల దగ్గర ఎదురెదురుగా కూర్చుని మాట్లాడుకోవడం చూశాను. పెద్ద గుమాస్తా పడీపడీ నవ్వుతున్నాడు. ఇద్దరూ ఒక్కటే అనుకున్నాను. వచ్చినదారినే ఇంటికి వెళ్లిపోయాను.

నూలు పున్నమి, అంటే శ్రావణ పున్నమి, వచ్చింది. ఆరోజు మా పేటలో ఒక్క మగ్గం కూడా ఆడదు. మార్కండేయుడి రథం బయలుదేరుతుంది. మగవాళ్లు కొత్త జంధ్యాలు వేసుకుంటారు. ఇంటికి ఎవరొచ్చినా, కులం ఏదైనా, మణికట్టుకు ఒక నూలుపోగు కట్టి పంపుతారు. పొద్దున్నే సాహెబ్ మా ఇంటి ముందు ప్రత్యక్షమయ్యాడు, చెంబుతో సహా. "మీ పండుగ చూపియ్యి," అన్నాడు. పండగ చూసే ముఖమేనా అది? అత్త ఇంటి తలుపు బిడాయించుకుని నేస్తోందని నాకు తెలుసు. తెల్లారితే చీర ముట్టాలి. రథం ముందు డప్పుల మోతలో ఎవరికీ వినబడదని ఆమె ధైర్యం.

వినబడలేదు కూడా. రథం మా సందు మొగకు వచ్చేదాకా ఎవరికీ అనుమానం రాలేదు. అక్కడ హారతి ఇవ్వడానికి డప్పులు ఆపారు. అందరూ చేతులు జోడించి నిశ్శబ్దంగా నిలబడ్డారు. ఆ నిశ్శబ్దంలో సందు లోపలి నుంచి మగ్గం చప్పుడు వచ్చింది. టక్, టక్, టక్. జనం ఒకరి ముఖాలు ఒకరు చూసుకున్నారు.

సాహెబ్ నావైపు తిరిగాడు. "ఇయ్యాల మగ్గం ఆడదని చెప్పినవ్ గదా?"

"ఆడదు సాహెబ్."

"మరి అదెవలిది?"

"ఎరికలేదు."

"ఖరే కా?" అన్నాడు. నిజమేనా అని. ఆయన ఆ చప్పుడు పట్టుకుని నడిచాడు. నేను వెనకే పరుగెత్తాను.

తలుపు తట్టగానే చప్పుడు ఆగింది. అత్త తలుపు తీసింది. చెమటలు కక్కుతోంది. జుట్టుకు నూలు పీచు అంటుకుని ఉంది. సాహెబ్ గడప దాటకుండా బయటే నిలబడి, మగ్గం మీది పట్టంచును చూశాడు.

"ఎవలికి నేస్తున్నవ్ బాయి?"

"దేవునికి."

"మార్కండేయునికి చీరెందుకు?"

అత్త ఒక్క క్షణం తడబడింది. "గుళ్లె అమ్మవారికి," అన్నది.

"ఎవలన్న అడిగిన్రా?"

"దేవుడడుగుతడా సాహెబ్? మనకే తెల్వాలె."

ఆ జవాబుకు నాకు నవ్వొచ్చింది. సాహెబ్ నవ్వలేదు. "ఎంత మిగిలింది?" అన్నాడు.

"కొంగు అంచు, గింతంత."

"అయితె కానియ్యి. దేవుడు ఇంకా పేటల్నే ఉన్నడు. ఇయ్యాల్నే ఇద్దాం, అందరి ముందట. నేను సుత వస్త," అని అరుగు మీద రుమాలు పరిచి కూర్చున్నాడు. చెంబు పక్కన పెట్టుకున్నాడు.

అత్త ఆయనవైపు చూసిన చూపు నేను మర్చిపోలేను. నాలుగు వారాలు ప్రాణం పెట్టి నేసిన చీర అది. దేవుడికి కాదు అనలేదు. పెద్ద గుమాస్తాకు అని అసలే అనలేదు. మళ్లీ గుంటలోకి దిగింది. పండగ పూట, పేట మొత్తం వింటుండగా, ఆమె ఆ అంచు నేసి ముగించింది. రథం తిరిగి వచ్చేసరికి చీర కోసి మడత పెట్టింది. తాను విధవరాలు కనక రథం దగ్గరికి పోకుండా మా అమ్మ చేతికిచ్చి పంపింది. మా అమ్మ పూజారికి ఇచ్చింది. పూజారి చీరను విప్పి అందరికీ చూపించాడు. జనంలో పెద్ద గుమాస్తా కూడా ఉన్నాడు. భక్తిగా చేతులు జోడించే ఉన్నాడు గాని, ఆయన కళ్లు దేవుడి మీద లేవు. చీర వెంటే పోతున్నాయి.

అత్త మాత్రం ఓడిపోయినట్టు ఇంటి ముందు కూలబడింది. కాసేపటికి ఏమనుకుందో, లేచి లోపలి నుంచి ఒక నూలుపోగు తెచ్చింది. సాహెబ్ ముందు నిలబడింది.

"చెయ్యి పట్టు సాహెబ్."

ఆయన చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. "నేనేం తీసుకోను బాయి."

"దారం సుత లంచమేనా?"

చుట్టూ ఉన్నవాళ్లు గుసగుసలు మొదలుపెట్టారు. నూలు పున్నమినాడు పోగు వద్దన్నవాణ్ణి మా పేట ఎప్పుడూ చూడలేదు. ఇంటికి వచ్చి తిట్టిపోయినా ఇంత అవమానం కాదు. సాహెబ్ ఆ పోగు వంక చాలాసేపు చూశాడు.

"ఇయ్యాల లంచం కాదు," అన్నాడు. "రేపు అయితది. నువ్వు కడ్తే నేను నీకు తమ్ముణ్ణయిత. తమ్ముడు రాసిన రిపోర్టు బొంబాయిల ఎవలు నమ్ముతరు?"

"నమ్మకుంటె మానె. తమ్ముడు లేని ఆడిదాన్ని, జర పుణ్యముంటది," అన్నది అత్త.

ఆయన చెంబు తీసుకుని వెళ్లిపోయాడు. అత్త ఆ పోగును చుట్టి తన కొంగుకే ముడేసుకుంది. "చీర దేవునికి పాయె, పైసలు కంపెనీకి పాయె, మగ్గం సావుకారికి పాయె. వీని కడుపు సల్లగుండ," అన్నది. ఆ దీవెన ఎలాంటిదో మీకు చెప్పనక్కర్లేదు.

తర్వాత కొన్ని రోజులు సాహెబ్ నన్ను వెంట రానివ్వలేదు. ఒక్కడే పేటలో ముసలివాళ్ల దగ్గర కూర్చుంటున్నాడని తెలిసింది. మామ పుట్టినప్పుడు ప్లేగు వచ్చి పోయిందా, ఇంకా రాలేదా, ఎవరి పెళ్లికి మామ చంకలో ఉన్నాడు, ఇవే ప్రశ్నలట. పోయినవాడి పుట్టుక ఇప్పుడెందుకు తవ్వుతున్నాడని అత్త ఇంకా కుమిలిపోయింది. నాకూ అర్థం కాలేదు.

బొంబాయి నుంచి హుకుం వచ్చినప్పుడు తెలిసింది. మనిషి వయసు గురించి అడగవలసింది ఏదైనా పాలసీ ఇచ్చేటప్పుడే అడగాలి. ఒకసారి ఒప్పుకుని డబ్బు కట్టించుకున్నాక, మనిషి చచ్చిన తర్వాత బ్రాంచిలో ఎవరూ వయసు మాట ఎత్తకూడదు. ఆ హుకుంను తెలుగులోనూ మరాఠీలోనూ పెద్ద అక్షరాలతో రాసి గోడకు అంటించింది నేనే. ముసలివాళ్ల మాటలతో మామ వయసు సరిగ్గానే ఉందని సాహెబ్ రాసి పంపాడట, అత్త డబ్బు మంజూరైంది. పెద్ద గుమాస్తా మీద ఏదీ రుజువు కాలేదు. చీరలిచ్చినవాళ్లు ఒక్కరూ నోరు విప్పలేదు మరి. ఆయనను ఎక్కడికో బదిలీ చేశారు. వెళ్లేముందు నాకు వీడ్కోలు చెప్పి మరీ వెళ్లాడు. అక్కడ ఏం తిన్నాడో, తినలేదో నాకు తెలియదు. మా బ్రాంచిలో మాత్రం చచ్చినవాళ్ల వయసు తప్పడం ఆగిపోయింది.

అత్త సావుకారి బాకీ తీర్చింది. మగ్గం నిలిచింది. అది జరిగిన మర్నాడో ఆ మర్నాడో, నేను అత్త ఇంట్లో ఉండగా సాహెబ్ వచ్చాడు. నేను ముందు ఆనవాలు పట్టలేదు. చేతిలో చెంబు లేదు. సంచీ లేదు. కోటు చెయ్యి మోచేతిదాకా మడిచి ఉంది. గడప బయటే నిలబడి, "అక్కా," అన్నాడు.

అత్తా నేనూ ఒకరి ముఖం ఒకరం చూసుకున్నాం.

"నాకు బదిలీ అయింది అక్కా, ఈ రాత్రి బండికి పోతున్న. నీ కాగితం ఇగ నా చేతుల ఏం లేదు," అని మణికట్టు ముందుకు చాచాడు. "ఇప్పుడు కట్టు."

సాహెబ్ అనకపోతే ఒప్పుకోని మనిషి అక్కా అంటున్నాడంటే ఏమనుకోవాలి? డబ్బు ఇంటికి రాగానే చెయ్యి చాపాడంటే ఏమనుకోవాలి? మా పేటలో అలా వచ్చేవాళ్లు ఎందుకు వస్తారో మాకు బాగా తెలుసు. పోగు కట్టిన అక్కకు తమ్ముడు ఏమైనా ఇవ్వాలి, అక్క కూడా తమ్ముణ్ణి ఉత్త చేతులతో పంపకూడదు. ఇదన్నమాట ఈయన పద్ధతి, ఇంతకాలం కాచుకున్నది దీనికోసమే అనుకున్నాను. అత్త కూడా అదే అనుకున్నది. ఆమె చెయ్యి కొంగు ముడి మీదికి వెళ్లింది. ఆ ముడిలో పోగు ఇంకా అలాగే ఉంది. ముడిని పిడికిట్లో పట్టుకుని, "పున్నమి ఎన్నడో పాయె సాహెబ్," అన్నది.

ఆయన చెయ్యి కాసేపు అలాగే ఉండిపోయింది. తర్వాత మెల్లగా కోటు చెయ్యి కిందికి లాక్కుని గుండీ పెట్టుకున్నాడు. "బరాబర్," అన్నాడు. "గట్లనే ఉండాలె. ఎవలను నమ్మొద్దు." కోపం లేదు ఆ గొంతులో. కోపం ఉంటే మాకు బాగుండేది. సందు చివర మునిసిపాలిటీ నల్లా దగ్గర వంగి, దోసిలి పట్టి నీళ్లు తాగి వెళ్లిపోయాడు. మళ్లీ ఏమైనా అడగడానికి వస్తాడని అత్త చాలాకాలం చూసింది. ఉత్తరం ముక్క కూడా రాలేదు.

ఆయన పోయాడన్న వార్త విన్న మర్నాడు అత్త ఇంటికి వెళ్లాను. చెప్పాలా వద్దా అని దారిలో అనుకుంటూనే వెళ్లాను. అత్తకు ఇప్పుడు చూపు మందగించింది. మగ్గం కూలికి ఇచ్చి, పక్కన కూర్చుని కండెలు చుడుతూ ఉంటుంది.

"అత్తా, చెంబు సాహెబ్ పోయిండట."

రాట్నం ఆగలేదు. "చూసినోడు చెప్పిండా, ఇన్నోడు చెప్పిండా?"

"పాడె మోసినోడే చెప్పిండు."

"ఆఖరికన్న ఎవలి దగ్గర ఏమన్న తిన్నడా?"

"లేదత్తా. ఆస్పత్రిల సుత సొంత చెంబేనట."

రాట్నం ఆగింది. ఆమె చేతిలో కండె కింద పెట్టింది. తర్వాత మోకాళ్ల మీద చేతులు ఆనించి లేచి, గోడ పట్టుకుంటూ పెరట్లోకి వెళ్లింది. నాకు చాయ్ పెట్టడానికేమో అనుకున్నాను. ఇంతలో గంగాళానికి చెంబు తగిలిన చప్పుడు వినబడింది. వెనకే నీళ్లు పడ్డ చప్పుడు. లేచి చూస్తే అత్త కట్టుకున్న చీరతోనే రాయి మీద కూర్చుని తలమీద నీళ్లు పోసుకుంటోంది. ఒక చెంబు, మళ్లీ ఇంకో చెంబు.

ప్రహరీ అవతల నుంచి పక్కింటామె తల ఎత్తింది. "ఇదేంది నర్సవ్వా, గీ యాళప్పుడు తల మీద పోసుకుంటున్నవ్? ఎవలు పోయిన్రు?"

"తమ్ముడు."

"నీకు తమ్ముడెక్కడున్నడే?"

అత్త చెంబు మళ్లీ గంగాళంలో ముంచింది.

"బొంబాయిల ఉండె," అన్నది.